విండోస్ మార్చాక ల్యాప్‌టాప్ మొరాయిస్తే

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. ఆ తేదీకి ముందూ వెనకా చాలామంది విండోస్ 11కి మారారు. మదనపల్లె టమోటా మండీలో లెక్కలు చూసే గుమాస్తా మారాడు, పుంగనూరులో డీటీపీ దుకాణం పెట్టుకున్నాయన మారాడు, కుప్పంలో ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసే అమ్మాయీ మారింది. మారిన తర్వాత ఎక్కువగా వినపడే ఫిర్యాదు ఒక్కటే. బటన్ నొక్కి, టీ తాగి వచ్చినా తెర మీద చుక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయని.

దుకాణానికి తీసుకెళ్తే వినే మొదటి మాట "ఫార్మాట్ కొట్టేద్దాం సార్." రెండో మాట "ర్యామ్ వేయించుకోండి." రెండూ కొన్నిసార్లు సరైన సలహాలే. కానీ యంత్రం ఎక్కడ ఆగుతోందో చూడకుండా చెప్పినప్పుడు, డబ్బు ఖర్చయి, ఫైళ్లు పోయి, నత్తనడక అలాగే మిగిలిపోయే ప్రమాదం ఉంది. పైసా పెట్టే ముందు, ఒక్క ఫైలు చెరిపే ముందు, ఆలస్యం ఏ దశలో జరుగుతోందో మీరే కనుక్కోండి. దానికి కావలసింది ఫోన్లో స్టాప్‌వాచ్, ఒక కాగితం, ఓపిక.

ఓపికను కావాలనే చెప్తున్నాను. పెద్ద అప్‌గ్రేడ్ అయిన మొదటి రెండు మూడు రోజులు ఏ ల్యాప్‌టాప్ అయినా బరువుగానే నడుస్తుంది. మీ ఫైళ్లన్నిటికీ వెతుకులాట సూచిక మళ్లీ తయారుచేసుకుంటుంది. విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ డిస్కంతా జల్లెడ పడుతుంది. డ్రైవర్లు, స్టోర్ యాప్‌లు వెనకాల దిగుతుంటాయి. మనం ఇది చూసి విసుగొచ్చి మూత వేసేస్తాం. మర్నాడు అది ఆగిన చోట నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. ఇలా వారం లాగుతుంది. ఒక రాత్రి చార్జర్ పెట్టి, వైఫై కలిపి, నిద్రలోకి జారకుండా సెట్టింగ్ మార్చి, మూత తెరిచి వదిలేయండి. కరెంటు పోయే ఊళ్లో అయితే బ్యాటరీ నిండా ఉన్న రోజు చూసుకోండి. తెల్లారాక ఒకసారి రీస్టార్ట్ చేయండి. చాలా ఫిర్యాదులు ఇక్కడితోనే తీరతాయి.

అలాగని నెలల తరబడి ఎదురుచూడకూడదు. పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే అవకాశం అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల వరకే ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, అక్కడ గో బ్యాక్ అని కనిపిస్తుంది. ఈ లోపు "డిస్క్ ఖాళీ చేద్దాం" అని విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌ను తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి పది రోజుల లోపల ఒక నిర్ణయానికి రండి. వెనక్కి వెళ్లేవాళ్లు విండోస్ 10కి అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో పేరు నమోదు చేసుకోవాలి. మామూలు వాడుకదారులకు అది 2026 అక్టోబర్ 13 వరకే. ఆ గడువు తర్వాత పాత విండోస్ మీద బ్యాంకు పనులు, డిజిటల్ సంతకం పనులు చేయడం నా దృష్టిలో తగని పని.

ఇప్పుడు స్టాప్‌వాచ్ తీయండి. బటన్ నొక్కిన క్షణం నుంచి కంపెనీ గుర్తు కింద చుక్కలు తిరగడం మొదలయ్యేదాకా ఒక సమయం రాయండి. చుక్కల నుంచి పాస్‌వర్డ్ అడిగే తెర వచ్చేదాకా రెండోది. పాస్‌వర్డ్ కొట్టినప్పటి నుంచి బ్రౌజరో, ఎక్సెలో నిజంగా తెరుచుకుని మాట వినేదాకా మూడోది. ఇదంతా రెండు రకాలుగా చేయండి. ఒకసారి షట్‌డౌన్ చేసి ఆన్ చేసి, ఇంకోసారి రీస్టార్ట్ కొట్టి.

రెండు రకాలుగా ఎందుకంటే, విండోస్‌లో షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆపడం కాదు. విండోస్ 8 కాలం నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ చేసినప్పుడు మన యాప్‌లు మూసుకుంటాయి గానీ విండోస్ గుండెకాయ లాంటి భాగాన్ని, డ్రైవర్ల స్థితిని ఒక ఫైలుగా డిస్క్‌లో దాచుకుంటుంది. మర్నాడు దాన్నే తిరిగి ఎక్కించుకుంటుంది. రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నా, టాస్క్ మేనేజర్‌లో (కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే వస్తుంది) పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లి సీపీయూ మీద నొక్కితే అప్ టైమ్ అన్నచోట రోజుల లెక్క కనిపించేది అందుకే. పాత విండోస్ నాటి డ్రైవర్ ఏదైనా తిక్కగా ఉంటే ఆ తిక్క కూడా రోజూ భద్రంగా తిరిగి వస్తుంది. రీస్టార్ట్ కొట్టినప్పుడు మాత్రం అంతా మొదటి నుంచి లేస్తుంది. రీస్టార్ట్ తర్వాత చురుగ్గా లేచి, షట్‌డౌన్ తర్వాత మొరాయిస్తుంటే ఫాస్ట్ స్టార్టప్ మీదే అనుమానం. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీ తెరిచి, పైన కనిపించే నీలి వరస నొక్కితే ఫాస్ట్ స్టార్టప్ పక్కన టిక్కు తీసేయవచ్చు. కొన్నాళ్లు చూడండి. తేడా లేకపోతే టిక్కు తిరిగి పెట్టేయండి. పాత హార్డ్‌డిస్క్ ఉన్నవాళ్లకు అది మామూలుగా మేలే చేస్తుంది.

ఇవన్నీ మన వల్ల అవుతాయా అనుకోకండి. కుప్పానికి కంప్యూటర్ నిన్న మొన్న వచ్చింది కాదు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ల కార్యక్రమం మొదలుపెట్టింది. ఊళ్లలో సమాచార కేంద్రాలు పెట్టారు. స్వయం సహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో నడిచే ప్రింటర్లు ఇచ్చి ఫొటోగ్రాఫర్లుగా నిలబెట్టారు. అప్పుడు కేంద్రంలో ఉన్న యంత్రం బాగోగులు కేంద్రం నడిపేవాళ్లవి. ఇవాళ యంత్రం ఇంటింటికీ వచ్చింది. దాని బాగోగులు చూడవలసింది దాని మీద అన్నం తింటున్న మనమే. ఈ మాత్రం పరీక్షలు ఎవరైనా చేసుకోగలరు. పదో తరగతి చదివిన పిల్లలకు చూపిస్తే వాళ్లూ చేస్తారు.

కాగితం మీద మొదటి సమయం ఎక్కువగా ఉందనుకోండి. చుక్కలు కూడా రాకముందే పోతున్న కాలానికి విండోస్ బాధ్యత చాలా తక్కువ, అది విండోస్ కంటే ముందు లేచే బయోస్ పని. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ పేజీ తెరిస్తే పై మూల లాస్ట్ బయోస్ టైమ్ అని సెకన్లు కనిపిస్తాయి.  ఆ అంకె పెద్దదిగా ఉంటే ముందు ల్యాప్‌టాప్‌కు తగిలించినవన్నీ పీకేయండి. పెన్‌డ్రైవ్, బయటి హార్డ్‌డిస్క్, ప్రింటర్, వేలిముద్రల యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్, అన్నీ. ఆధార్ పనులు చేసే కేంద్రాల్లో నాలుగైదు వస్తువులు ఎప్పుడూ తగిలించే ఉంటాయి. యంత్రం ఒక్కొక్కదాన్నీ పలకరించి, దీంట్లో విండోస్ ఉందా అని వెతికి ముందుకు వెళ్తుంది. పీకాక బాగుంటే ఒక్కొక్కటే తిరిగి పెడుతూ దొంగను పట్టండి. బయోస్‌లో బూట్ వరస కూడా చూడాలి. నెట్‌వర్క్ నుంచి బూట్ అవ్వమని మొదటి వరసలో ఉంటే దాన్ని కిందకు దించాలి.

బయోస్‌ను అప్‌డేట్ చేయవలసి వస్తే ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైటు నుంచే, మీ మోడల్ సరిచూసుకుని, చార్జర్ పెట్టి చేయండి. ఆ పనికి ముందు డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే బయోస్ మారిన వెంటనే బిట్‌లాకర్ 48 అంకెల తాళం అడగవచ్చు. ఆ తాళం మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. అది లేకపోతే దుకాణంవాడు కూడా మీ ఫైళ్లు తెరవలేడు.

రెండో సమయం ఎక్కువైతే అనుమానించవలసినవి రెండు, డ్రైవర్లు, డిస్కు. డ్రైవర్లు దొరికే చోటు ల్యాప్‌టాప్ కంపెనీ సైటు. అడుగున ఉన్న సీరియల్ నంబరు కొడితే మీ యంత్రానికి సరిపడేవే చూపిస్తుంది. గ్రాఫిక్స్, చిప్‌సెట్, స్టోరేజ్, ఈ మూడూ వేస్తే చాలు. అన్ని డ్రైవర్లూ ఒక్క నొక్కుతో అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్లను దగ్గరకు రానివ్వకండి. అవే రేపు స్టార్టప్‌లో కూర్చుంటాయి. ఏ డ్రైవర్ ఆలస్యం చేస్తోందో విండోస్ తన దినచర్య పుస్తకంలో రాసుకుంటుంది కూడా. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, డయాగ్నస్టిక్స్-పెర్ఫార్మెన్స్, ఆపరేషనల్ అని వరసగా తెరవండి. 100 నంబరు నమోదులో మొత్తం ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో ఉంటుంది. 101 ఆలస్యం చేసిన ప్రోగ్రాం పేరు, 102 డ్రైవర్ పేరు, 103 సర్వీసు పేరు చెప్తాయి. దుకాణంలో ఈ పేజీ చూపించి అడిగితే మాట్లాడే తీరే మారుతుంది.

ఇక డిస్కు. అన్నిటికంటే ఎక్కువ చెప్పవలసింది దీని గురించే.

విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ అడిగే అర్హతలు చూడండి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, తాను ఒప్పుకున్న ప్రాసెసర్. ఇంటెల్‌లో అయితే ఇంచుమించు ఎనిమిదో తరం నుంచి. ఎస్ఎస్‌డీ ఉండి తీరాలన్న షరతు ఇందులో లేదు. ఎనిమిదో తరం ప్రాసెసర్ వచ్చిన రోజుల్లో మనవాళ్లు బడ్జెట్ చూసుకుని కొన్న ల్యాప్‌టాప్‌లలో 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్ ఉన్నవి ఎన్నో. ఆ రోజు 1 టీబీ అనే మాటే అమ్మకాన్ని ముందుకు నడిపింది. అవన్నీ విండోస్ 11 పరీక్ష పాసవుతాయి. పాసవడం వేరు, సుఖంగా నడవడం వేరు.

హార్డ్‌డిస్క్ లోపల ఒక పళ్లెం తిరుగుతుంటుంది. ల్యాప్‌టాప్‌లలో మామూలుగా ఉండేది నిమిషానికి 5400 చుట్లు తిరిగే రకం. అంటే సెకనుకు 90 చుట్లు, చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చదివే తల కిందకు రావడానికి సగటున అర చుట్టు పడుతుంది. ఆ తల సరైన వరసకు జరగడానికి ఇంకొంత. ఒక్కో వెతుకులాటకు మొత్తం 15 మిల్లీసెకన్లు వేసుకుందాం. విండోస్ లేచేటప్పుడు డిస్కంతా చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ముక్కలు చదవాలి. పదివేల సార్లు వెతికితే 150 సెకన్లు. రెండున్నర నిమిషాలు వెతకడానికే పోయాయి, పని ఇంకా మొదలు కాలేదు. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. అక్కడ ఒక్కో వెతుకులాట మిల్లీసెకనులో పదో వంతు దరిదాపుల్లో తేలిపోతుంది. ఆ పదివేల వెతుకులాటలూ ఒక్క సెకనులో అయిపోతాయి.

టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ పేజీలో డిస్క్ పేరు దగ్గర హెచ్‌డీడీ అని ఉందా, ఎస్ఎస్‌డీ అని ఉందా చూడండి. హెచ్‌డీడీ అయి, ఆన్ చేసిన తర్వాత నిమిషాల తరబడి 100 శాతం దగ్గరే నిలబడితే ఇక వేరే వైద్యం వెతకనక్కర్లేదు. ఎస్ఎస్‌డీ వేయించండి. మీ మోడల్‌లో ఎం.2 అనే సన్నని బద్ద పట్టే చోటు ఉందో, పాత డిస్కు స్థానంలో రెండున్నర అంగుళాల సాటా రకమే పెట్టాలో ముందు అడగండి. స్టార్టప్ వేగం ఒక్కదాని కోసం అయితే ముందు ఎస్ఎస్‌డీ, తర్వాతే ర్యామ్. నాలుగు ట్యాబులు తెరిచేసరికి బిగుసుకుపోవడం మీ బాధ అయితే 8 జీబీ కూడా అవసరమే. కొన్ని సన్నని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, అలాంటి వాటికి పెంచే వీలు ఉండదు.

పాత డిస్కు నెమ్మదించడమే కాకుండా చెడిపోతూ కూడా ఉండవచ్చు. టిక్కు టిక్కుమనే శబ్దం, ఫైలు కాపీ మధ్యలో ఆగిపోవడం, ఆన్ చేసినప్పుడల్లా డిస్కు సరిచేస్తున్నానని చెప్పడం, ఇవి ఉంటే మిగతా పరీక్షలన్నీ ఆపి ముందు ఫైళ్లు బయటకు తీయండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్కు ఆరోగ్యం చెప్తుంది. అందులో ఎరుపో పసుపో కనిపిస్తే ఆ డిస్కు మీద కొత్తగా ఏ ప్రయోగమూ చేయకండి.

మూడో సమయమే ఎక్కువైతే ఖర్చు లేకుండా బాగుపడే అవకాశం బాగా ఉంది. స్టార్టప్ యాప్స్ పేజీలో ఒక్కొక్కదాని పక్కన హై, మీడియం, లో అని ఉంటుంది. అప్‌గ్రేడ్ తర్వాత మనం అడగని యాప్‌లు కూడా అక్కడ చేరి ఉండవచ్చు. చాటింగ్ యాప్, ఆటల లాంచర్, ఫొటో సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్, ఎప్పుడో తీసేసిన ప్రింటర్ సహాయకుడు, వీటిని డిజేబుల్ చేసినా అవి చెరిగిపోవు, కావలసినప్పుడు మీరే తెరుచుకోవచ్చు. టచ్‌ప్యాడ్, ఆడియో, గ్రాఫిక్స్ పేర్లతో ఉన్నవి, సంతకం టోకెన్‌కు సంబంధించినవి, ట్యాలీ లైసెన్స్ సర్వీసు మాత్రం ముట్టుకోకండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన యాంటీవైరస్ గడువు తీరి మూలన పడి ఉంటే దాన్ని పూర్తిగా తీసేయండి. డిఫెండర్ ఒక్కటి చాలు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. విండోస్‌కు, ఆఫీస్‌కు దొంగ లైసెన్సు వేసే యాక్టివేటర్లు మన ఊళ్ల దుకాణాల్లో మామూలైపోయాయి. వాటిలో కొన్ని ఆన్ చేసినప్పుడల్లా వెనక నడుస్తాయి. పనిచేయాలంటే డిఫెండర్‌ను ఆపమని అడుగుతాయి. అప్‌గ్రేడ్ తర్వాత విండోస్‌తో కుస్తీ పడుతూ స్టార్టప్‌ను లాగేస్తాయి. లోపల ఇంకేం మోసుకొచ్చాయో ఎవరికీ తెలియదు. రైతుల ఆధార్ కాగితాలు, వ్యాపారుల జీఎస్టీ పాస్‌వర్డ్‌లు ఉండే యంత్రంలో అలాంటిది పెట్టడం అన్యాయం. అర్హత లేని పాత ల్యాప్‌టాప్‌లో నిబంధనలు దాటించి విండోస్ 11 వేసి ఇచ్చే దుకాణాలూ ఉన్నాయి. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్తోంది. వేయించుకునే ముందు ఈ ప్రశ్న అడగండి.

కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌తో కుప్పం నుంచో మదనపల్లె నుంచో పనిచేసేవాళ్లకు నా సలహా వేరు. ఏదీ డిజేబుల్ చేయకండి. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉండే డ్రైవులు, లాగిన్ స్క్రిప్టులు ఇంట్లో దొరకక, యంత్రం వాటి కోసం ఎదురుచూసి చూసి ఆలస్యంగా లేవవచ్చు. అది ఐటీ విభాగం తీర్చవలసిన పని. వాళ్లకు "ల్యాప్‌టాప్ స్లోగా ఉంది" అని రాస్తే మీ టికెట్ వరసలో అడుగున పడుతుంది. మీ మూడు సమయాలు, 100 నంబరు నమోదు ఫొటో, అప్‌గ్రేడ్ అయిన తేదీ జత చేసి రాయండి. జవాబు తొందరగా వస్తుంది, ఉదయం మీటింగుకు ఆలస్యమైనప్పుడు మీ దగ్గర లిఖితపూర్వక ఆధారమూ ఉంటుంది.

పాత యంత్రాల్లో ఉబుంటు వేసుకున్న విద్యార్థులకు రెండు ముక్కలు. టెర్మినల్‌లో సిస్టమ్‌డీ-ఎనలైజ్ బ్లేమ్ అనే ఆదేశం ఇస్తే ఏ సర్వీసు ఎన్ని సెకన్లు తిన్నదో వరసగా చెప్తుంది. అప్‌గ్రేడ్ తర్వాత సరిగ్గా ఒకటిన్నర నిమిషం ఆగి ముందుకు కదులుతుంటే, ఇప్పుడు లేని డిస్కు భాగం కోసమో, గుర్తింపు సంఖ్య మారిన స్వాప్ కోసమో అది ఎదురుచూస్తుందని అనుమానించండి. ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఆ వరస సరిచేస్తే తీరుతుంది.

ఇన్ని చూశాక కూడా బాగుపడకపోతే అప్పుడు ఫార్మాట్ గురించి మాట్లాడండి. దానికి ముందు టెర్మినల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ ఒకసారి నడిపించమని దుకాణంలో అడగండి. విండోస్ సొంత ఫైళ్లు పాడై ఉంటే సరిచేస్తుంది. ఫార్మాటే ఖాయమైతే ఫైళ్లు రెండు చోట్ల కాపీ చేయండి. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి రెవెన్యూ ఫైళ్లు కాలిపోయాయి. ఒకే చోట ఉన్న కాగితం గతి ఏమవుతుందో ఈ ప్రాంతం కళ్లారా చూసింది. కంప్యూటర్ ఫైలు అంతకంటే గట్టిదేం కాదు. డెస్క్‌టాప్ మీద ఉన్నవి, డౌన్‌లోడ్స్, ట్యాలీ డేటా ఫోల్డర్, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, వాట్సాప్ నుంచి దించుకున్న పీడీఎఫ్‌లు మర్చిపోకండి. అనూ ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు ఆ సాఫ్ట్‌వేర్, దాని లైసెన్సు చేతిలో ఉన్నాయని చూసుకున్నాకే ఫార్మాట్‌కు ఒప్పుకోండి. "ఫైళ్లు ఉంచి రీసెట్" అన్నది ఎంచుకున్నా ఫైళ్లే ఉంటాయి, మీరు వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి.

ఎస్ఎస్‌డీ వేయించుకున్నాక పాత హార్డ్‌డిస్క్‌ను దుకాణంలో వదిలేసి రాకండి. మీ బ్యాంకు కాగితాలు, ఇంటిల్లిపాది ఆధార్ కాపీలు ఇంకా అందులోనే ఉంటాయి. అడిగి తెచ్చుకోండి. అది ఇంకా ఆరోగ్యంగా ఉంటే చిన్న కేసులో పెట్టించి బ్యాకప్‌కు వాడుకోండి.